ఆటోమేటిక్ కారుకు అదనపు ఆయిల్ కూలర్: పైపు దారి, పైపు అతుకు

సభకు నమస్కారం.

ఆటోమేటిక్ కారుకు విడిగా కొన్న ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కూలర్‌ను బిగించే పని గురించి మాట్లాడమని నన్ను కోరారు. పెట్టె విప్పితే కనిపించే సరంజామా చిన్నదే: రెక్కలున్న అల్యూమినియం కూలర్ ఒకటి, చుట్టగా చుట్టిన రబ్బరు హోస్ పైపు, నాలుగు క్లాంపులు, రెండు మూడు బ్రాకెట్లు, అన్నిటికీ అడుగున ఎవరూ విప్పని మడత కాగితం. చేయి తిరిగిన వారికి ఇది ఒక పూట పని. అయితే ఈ పని చేయించుకున్న కొద్ది రోజులకే మరో బండి వెనక కట్టుకొని నా దగ్గరికి లాక్కొచ్చిన కార్లను తలచుకుంటే, వాటిలో కూలర్ చెడిపోయినవి దాదాపు లేవు. హోస్‌ను ఏ దారిలో కలిపారు, కలిపిన చోట ఎలా బిగించారు అన్న రెండు విషయాల్లోనే పొరపాటు జరిగింది. అందుచేత కూలర్ గురించి తక్కువగానూ, ఆయిల్ దానిలోకి వెళ్లి తిరిగి వచ్చే దారి గురించి ఎక్కువగానూ చెబుతాను.

మొదట ఒక హద్దు గీయాలి. క్లచ్ పెడల్ లేని ప్రతి కారూ ఈ కూలర్‌కు తగినది కాదు. ఏఎంటీ అని పిలిచే బండ్లలో ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ నొక్కడం, గేరు మార్చడం మాత్రం మనిషికి బదులు యంత్రం చేస్తుంది. అందులో ఆయిల్ బయటికి వెళ్లి చల్లబడి తిరిగి వచ్చే ఏర్పాటు ఉండదు కాబట్టి కూలర్ తగిలించడానికి చోటే లేదు. పొడి క్లచ్‌లతో నడిచే డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సుల్లో వేడెక్కేవి క్లచ్ పలకలు, వాటిని ఆయిల్ తాకదు. గేర్ల మెట్లు లేకుండా నిష్పత్తిని మార్చే సీవీటీల సంగతి వేరే చెప్పుకోవలసినది. నేను చెప్పబోయేదంతా, ఇంజను శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకు అందించే టార్క్ కన్వర్టర్‌తో నడిచే ఆటోమేటిక్ గురించే.

ఆ టార్క్ కన్వర్టర్ లోపల రెక్కలున్న రెండు చక్రాలు ఎదురెదురుగా ఉంటాయి. ఒకదాన్ని ఇంజను తిప్పుతుంది. అది విసిరే ఆయిల్ రెండో చక్రాన్ని తిప్పుతుంది. రెండింటి నడుమ స్టేటర్ అనే మరో చక్రం, వెనక్కి వచ్చే ఆయిల్‌ను పనికొచ్చే దిక్కుకు మళ్లిస్తుంది. ఇనుముకు ఇనుము పట్టు లేదు కనుక, రెండు చక్రాల వేగంలో తేడా ఉన్నంతసేపూ ఇంజను శక్తిలో కొంత భాగం వేడిగా మారి ఆ ఆయిల్‌లోకే పోతుంది. బండిని డ్రైవ్‌లో ఉంచి, బ్రేకు తొక్కిపట్టి యాక్సిలరేటర్ నొక్కారనుకోండి. బండి చక్రాలు కదలవు, కాబట్టి ఇంజను పంపిన శక్తి అంతా ఆయిల్‌ను కాచడానికే ఖర్చవుతుంది. అదే సాఫీ రోడ్డు మీద లాకప్ క్లచ్ పట్టుకోగానే రెండు చక్రాలూ ఒకటిగా తిరుగుతాయి, ఆ వేడి ఆగిపోతుంది. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోయే కారు కంటే, వెనక ట్రైలర్ కట్టుకొని పాతిక వేగంతో కొండ ఎక్కే కారు గేర్‌బాక్సు ఎక్కువ వేడెక్కడానికి కారణం ఇదే. అడుగు అడుగుకీ ఆగే ట్రాఫిక్, ఇసుకలో కూరుకొని ముందుకూ వెనక్కూ ఊగించడం కూడా ఈ కోవలోవే.

మామూలు నడకలో ఈ ఆయిల్ 80 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. అక్కడి నుంచి ప్రతి 11 డిగ్రీలకూ ఆయిల్ ఆయుష్షు సగానికి సగం తగ్గుతుందని మా పనిలో ఒక వాడుక లెక్క ఉంది. సుమారు 115 డిగ్రీల దగ్గర ఆయిల్ లోపలి భాగాల మీద వార్నిష్‌లా అంటుకోవడం మొదలవుతుందనీ, 125 దాటితే రబ్బరు సీళ్లు గట్టిపడతాయనీ, 145 దాటితే గేర్‌బాక్సు లోపల గేర్లను పట్టి ఉంచే క్లచ్ పలకలు జారతాయనీ అదే లెక్క చెబుతుంది. ఇవి గీత గీసినట్టు ఉండే అంకెలు కావు. ఆయిల్ రకాన్ని బట్టి, బండిని బట్టి అటూ ఇటూ అవుతాయి. అయినా వరుస మాత్రం అదే: ముందు ఆయిల్, తరువాత సీళ్లు, ఆ పైన క్లచ్‌లు.

కాబట్టి కూలర్ కొనే ముందు వేడిని కొలవండి. డాష్‌బోర్డు కింద, బండి కంప్యూటర్‌ను చదవడానికి ఉన్న ఓబీడీ సాకెట్‌కు స్కానర్ తగిలిస్తే చాలా కార్లు గేర్‌బాక్సు ఆయిల్ ఉష్ణోగ్రతను చూపిస్తాయి. బరువు వేసుకొని, మీకు కష్టమనిపించే దారిలోనే నడిపి, పక్కన కూర్చున్నవారి చేత అంకెలు రాయించండి. కొలిచిన చోటును బట్టి అంకె మారుతుందన్నది గుర్తుంచుకోవాలి. టార్క్ కన్వర్టర్ నుంచి నేరుగా బయటికి వచ్చే పైపులో ఆయిల్, కింది పాన్‌లో నిలిచిన ఆయిల్ కంటే బాగా వేడిగా ఉంటుంది. నేను ఇందాక చెప్పినవి పాన్‌లోని ఆయిల్‌కు చెందిన అంకెలు. ఎంత శ్రమ పెట్టినా 95 దాటని బండికి కూలర్ అక్కర లేదు, ఆ మాట అమ్మే వారు చెప్పకపోయినా నేను చెబుతాను.

డిప్‌స్టిక్ ఉన్న బండి అయితే మరో పరీక్ష ఉంది. దాని కొసను తెల్ల కాగితం మీద అద్దండి. మంచి ఆయిల్ సాధారణంగా ఎర్రటి మచ్చగా దిగి, అంచుల దాకా ఒకే రంగుతో పరుచుకుంటుంది. ముదురు గోధుమ రంగు మచ్చ నడిమిలోనే నిలిచిపోయి, ముక్కు దగ్గర పెట్టుకుంటే మాడిన వాసన వేసిందంటే, వేడి తన పని కొంత చేసేసిందన్నమాట. అప్పటికే గేరు మారేటప్పుడు ఇంజను చప్పుడు పెరిగి బండి కదలకపోతుంటే, అది జారుతున్న క్లచ్. ఆ జారుడు వల్లే వేడి పుడుతోంది. కూలర్ ఆ వేడిని కొంత మోసుకుపోగలదు గాని అరిగిపోయిన పలకకు పూత పెట్టలేదు.

బండి తయారైనప్పుడే ఒక కూలర్ దానితో వస్తుంది. చాలా కార్లలో అది రేడియేటర్‌కు ఒక పక్కన ఉన్న ట్యాంకులో, చల్లబడిన కూలెంట్ చేరే వైపున, నీళ్లలో మునిగి ఉంటుంది. కొన్ని కొత్త కార్లలో గేర్‌బాక్సు గోడకే పలకల పెట్టెలా బిగించి, దానిలోకి కూలెంట్‌ను రప్పిస్తారు. ఈ ఏర్పాటు ఆయిల్‌ను చల్లబరచడమే కాదు, తెల్లవారుజామున చల్లటి ఆయిల్‌ను త్వరగా వేడెక్కించడానికి కూడా ఉపయోగపడుతుంది. దీని బలహీనత ఒక్కటే: ఆయిల్‌కూ కూలెంట్‌కూ నడుమ ఉన్నది పలుచటి లోహపు గోడ. అది చిల్లు పడితే రెండూ కలిసిపోయి, డిప్‌స్టిక్ మీద గులాబి రంగు పాల మీగడలాంటిది కనిపిస్తుంది. కూలెంట్‌లోని గ్లైకాల్ క్లచ్ పలకల మీది పొరను అంటించిన జిగురును వదులు చేస్తుంది కాబట్టి, ఆ మీగడ చూసిన బండిని మళ్లీ స్టార్టు చేయకుండా లాక్కుపోవడమే మేలు.

ఈ గోడ గురించి ఒక పాత సంగతి ఉంది, విషయానికి కొంచెం పక్కగా ఉన్నా చెబుతాను. ఒకప్పుడు ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్‌లో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. క్లచ్‌లు కుదుపు లేకుండా పట్టుకోవడానికి దాన్ని మించినది లేదనుకునేవారు. 1970ల తొలి ఏళ్లలో అమెరికా ఆ నూనె వాడకాన్ని అడ్డుకోవడంతో జనరల్ మోటార్స్ తన డెక్స్‌రాన్ ఆయిల్ కూర్పును మార్చవలసి వచ్చింది. మార్చిన ఆయిల్ గేర్‌బాక్సుకు సరిపోయింది గాని, రేడియేటర్‌లోని కూలర్ అతుకులకు వేసిన టంకాన్ని తినేసి లీకులు తెచ్చింది. తుప్పు ఆపే మందులు కలిపి మరో కూర్పు తెచ్చేదాకా ఆ బెడద పోలేదు. ఆయిల్ డబ్బా మీది పేరును తేలికగా తీసుకోకూడదని నేను ఎవరికైనా చెప్పవలసి వస్తే ఈ కథే చెబుతాను.

ఇప్పుడు అసలు ప్రశ్న. కొత్త కూలర్‌ను ఎక్కడ కలపాలి? రేడియేటర్‌లోని పాత కూలర్‌ను తప్పించి కొత్తదాన్ని మాత్రమే ఉంచాలని కొందరు, రెండూ ఉంచాలని కొందరు వాదిస్తారు. నా ఓటు రెండోదానికే. గేర్‌బాక్సు నుంచి వచ్చిన వేడి ఆయిల్ మొదట రేడియేటర్‌లోకి వెళ్లాలి, అక్కడి నుంచి కొత్త కూలర్‌లోకి, ఆ తరువాతే గేర్‌బాక్సులోకి. నీరు గాలి కంటే ఎన్నో రెట్లు సులువుగా వేడిని లాక్కుంటుంది కాబట్టి పెద్ద భారం రేడియేటర్ మోస్తుంది. బండి ఆగి ఉన్నప్పుడు కూడా అది పని చేస్తుంది. కొత్త కూలర్ మిగిలిన వేడిని గాలికి వదులుతుంది. ఈ వరుస తిరగబడితే, గాలిలో చల్లబడిన ఆయిల్ వెళ్లి మళ్లీ వేడి నీళ్లలో మునుగుతుంది; డబ్బు పోసి కొన్న చల్లదనంలో చాలా వంతు అక్కడే పోతుంది. రేడియేటర్‌లోని కూలర్ లీకయిన బండిలో, లేదా ఆ లీకుకు పేరుపడ్డ మోడల్‌లో మాత్రం దాన్ని తప్పించి, పెద్ద కూలర్‌ను, ఆయిల్ వేడెక్కాకే దాని దారి తెరిచే థర్మోస్టాట్‌తో సహా పెట్టడమే తెలివైన పని.

వరుస కుదరాలంటే రెండు పైపుల్లో గేర్‌బాక్సు నుంచి వచ్చేది ఏది, దానికి తిరిగి వెళ్లేది ఏది అన్నది ముందు తెలియాలి. పైపులకు రంగులుండవు; పైది గేర్‌బాక్సు నుంచి వచ్చేది, కిందిది తిరిగి వెళ్లేది అన్న నమ్మకానికి ఆధారం లేదు. రాత్రంతా నిలిపి ఉంచిన బండిని స్టార్టు చేసి, రేడియేటర్ దగ్గర రెండు లోహపు పైపుల మీదా చెరొక వేలు పెట్టండి. ఫ్యానుకు చేయి దూరంగా ఉండాలి సుమా. ముందుగా వెచ్చబడేది గేర్‌బాక్సు నుంచి వచ్చేది, ఆలస్యంగా వెచ్చబడేది తిరిగి వెళ్లేది. తేడా తెలియకపోతే, తిరిగి వెళ్లే పైపు అనుకున్నదాన్ని రేడియేటర్ దగ్గర విప్పి, విడివడిన రెండు కొసలనూ రెండు సీసాల్లో పెట్టి, సాయం మనిషి చేత ఇంజనును నాలుగైదు సెకన్లు మాత్రం నడిపించాలి. రేడియేటర్ వైపు కొస నుంచి ఆయిల్ వస్తే మీరు అనుకున్నది నిజం. నాలుగైదు సెకన్లు అన్నది ఊరికే అన్న మాట కాదు. పంపు నిమిషానికి లీటర్ల కొద్దీ తోస్తుంది, గేర్‌బాక్సు ఎండిపోవడానికి ఎక్కువ సేపు పట్టదు.

ఆ తిరిగి వెళ్లే పైపును గురించి ఇంకో మాట. చాలా గేర్‌బాక్సుల్లో కూలర్ నుంచి తిరిగి వచ్చిన ఆయిల్ నేరుగా బేరింగులకూ ప్లానెటరీ గేర్లకూ తడి అందిస్తుంది. హోస్ ఎక్కడైనా నలిగినా, లోపలి వ్యాసం అసలు పైపు కంటే తక్కువైనా చల్లదనం తగ్గడంతో ఆగదు. ఆ భాగాలు ఎండి అరుగుతాయి. అందుకే కూలర్‌నూ హోస్‌నూ ఎంచుకునేటప్పుడు మొదట చూడవలసినది రంధ్రం వ్యాసం. సాధారణంగా అది 8 లేదా 9.5 మిల్లీమీటర్లు ఉంటుంది.

కూలర్లలో మూడు రకాలున్నాయి. పాములా వంకర్లు తిరిగిన గొట్టానికి రెక్కలు తొడిగినది పాత రకం, చవక రకం. పలుచటి పలకలూ రెక్కలూ కలిపి అతికినది దాని కంటే మెరుగు. పలకలను దొంతరగా పేర్చినది అన్నిటికంటే తక్కువ చోటులో ఎక్కువ పని చేస్తుంది. చల్లని ఆయిల్ చిక్కగా ఉన్నప్పుడు తేలికగా దాటిపోయే వెడల్పు దారి కూడా దీనిలో కొన్నిటికి ఉంటుంది. కొలత విషయంలో బండి బరువును, లాగే బరువును కలిపి చూసి తయారీదారు ఇచ్చిన పట్టికను అనుసరిస్తే చాలు.

దీన్ని బిగించే చోటు గ్రిల్ వెనక, ఏసీ కండెన్సర్ ముందు. బంపర్ విప్పవలసి వస్తుంది. విప్పినప్పుడు రేడియేటర్ పట్టీ మీద చిన్న పెట్టెలాంటి సెన్సర్లు కనిపించవచ్చు. అవి ఎయిర్‌బ్యాగులకు ఢీకొన్న కబురు అందించేవి కాబట్టి వాటిని కదపకూడదు, వాటి ముందు ఏదీ బిగించకూడదు. పెట్టెతో పాటు వచ్చే నైలాన్ పుల్లలను కండెన్సర్ రెక్కల గుండా గుచ్చి కూలర్‌ను దానికే వేలాడదీయడం చాలా సులువు. నేను మొదట్లో అలాగే చేశాను. కొన్ని నెలల తరువాత ఆ బండి ఏసీ చల్లగా రావడం లేదంటూ తిరిగి వచ్చింది. విప్పి చూస్తే, దారి పొడుగునా ఊగిన కూలర్ మూల, కండెన్సర్ గొట్టాన్ని గోరుతో గీకినట్టు గీకి గీకి చిల్లు పెట్టింది. గ్యాసంతా పోయింది, కండెన్సర్ నా ఖర్చుతో మార్చాను. అప్పటి నుంచి లోహపు బ్రాకెట్లు బండి చట్రానికే బిగించి, కండెన్సర్‌కూ కూలర్‌కూ నడుమ వేలు దూరేంత సందు ఉంచుతున్నాను. పైపు మూతులు పైకో పక్కకో ఉండేలా పెట్టాలి. కిందికి ఉంటే పైన గాలి నిలిచిపోయి కొంత భాగం ఖాళీగా ఉండిపోతుంది. బిగించాక బంపర్‌ను ఒకసారి ఊరికే పెట్టి చూడండి, హోస్‌ను అది నొక్కుతోందేమో అప్పుడే తెలుస్తుంది.

ఇక హోస్. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కూలర్ కోసమే చేసిన హోస్ మీద ఎస్‌ఏఈ జె 1532 అనే ప్రమాణం పేరు అచ్చు వేసి ఉంటుంది. పెట్రోలు హోస్ చూడడానికి అలాగే ఉంటుంది, వ్యాసమూ సరిపోతుంది, కాని పెట్రోలు తట్టుకునేది ఈ వేడి తట్టుకుంటుందని కాదు. అది కొంతకాలానికి గట్టిపడి, క్లాంపు కింద పగుళ్లిస్తుంది. హోస్ నడిచే దారి సైలెన్సర్ పైపుకు దూరంగా, పదునైన రేకు అంచులకు తగలకుండా, మెత్తటి వంపులతో ఉండాలి. రేకు గుండా దూర్చక తప్పకపోతే రంధ్రం అంచుకు తొడిగే రబ్బరు రింగు, అంటే గ్రామెట్ వేయండి.

ఇప్పుడు అతుకు దగ్గరికి వద్దాం, నేను ఇంతసేపూ రావాలనుకున్నది ఇక్కడికే. రేడియేటర్ నుంచి తిరిగి వెళ్లే లోహపు పైపును మధ్యలో కోసి హోస్ తొడుగుతారు. కోసిన కొస నున్నగా, సూటిగా ఉంటుంది. దాని మీదికి రబ్బరు హోస్ సులువుగా ఎక్కుతుంది, క్లాంపు గట్టిగానే బిగుస్తుంది, చేత్తో లాగితే రాదు. కాని ఆయిల్ వేడెక్కి రబ్బరు మెత్తబడ్డాక, నూనె పూసిన నున్నటి లోహం మీద ఆ పట్టు నిలవదు. నా చేతి మీదుగా వెళ్లిన ఒక బండిలో ఇదే జరిగింది. ఇంటి నుంచి బయల్దేరిన పది నిమిషాలకు హోస్ ఊడింది. నడిపే ఆయనకు ముందు పొగ, తరువాత ఏ గేరులో వేసినా ఇంజను మాత్రమే తిరగడం కనిపించాయి. వెంటనే ఆపారు కాబట్టి గేర్‌బాక్సు బతికింది. ఆ లోహపు కొసను చేత్తో తడిమి చూస్తే గాజు గొట్టంలా నున్నగా ఉంది.

అందుకని కోసిన కొసకు చుట్టూ చిన్న కట్టలా ఉబ్బెత్తు తీయాలి. బ్రేకు పైపుల కొసలు మడిచే ఫ్లేరింగ్ పరికరంతోనే, మడత పూర్తి చేయకుండా మొదటి దశలో ఆపితే ఆ కట్ట వస్తుంది. కోసేటప్పుడు హాక్‌సా వాడకండి, దాని రజను లోపల పడుతుంది. చుట్టూ తిప్పి కోసే పైపు కట్టర్ వాడి, లోపలి అంచు గీకి, గుడ్డతో తుడవండి. హోస్ లోపల కొంచెం గేర్‌బాక్సు ఆయిల్ రాసి, కట్ట దాటి కనీసం 25 మిల్లీమీటర్లు లోపలికి ఎక్కించండి. క్లాంపు కట్ట మీద కాదు, కట్ట దాటాక వెనక వైపు పడాలి. పలుచటి రబ్బరు క్లాంపు రంధ్రాల గుండా ఉబికి వచ్చేంత బిగింపు కూడా తప్పే. అది రబ్బరును కోస్తుంది. నొక్కితే పట్టుకునే స్నాప్ కనెక్టర్లు ఉన్న కొత్త బండ్లలో పైపు కోయకుండా, ఆ కనెక్టర్‌కు సరిపోయే అడాప్టర్ తెప్పించుకోవడమే నయం.

ఆయిల్ పోయడంలో తొందరపడకండి. కొత్త కూలర్, హోస్ తాగే ఆయిల్‌తో పాటు పని చేసేటప్పుడు కారిపోయినదీ కలుస్తుంది. కారినదాన్ని కొలిచిన సీసాలో పట్టి ఉంచితే లెక్క సులువు. బండి పుస్తకంలో రాసిన రకమే పోయాలి. ఇంజను నడుస్తుండగా, బ్రేకు తొక్కి ప్రతి గేరులోనూ ఒక్కో క్షణం ఉంచి, పార్కులోకి తెచ్చి మట్టం చూడడం ఎక్కువ బండ్లకు చెల్లుతుంది. ఇంజను ఆపి చూడమనే తయారీదారులూ ఉన్నారు కాబట్టి పుస్తకం మాటే ఆఖరి మాట. డిప్‌స్టిక్ లేని బండికి పక్కనున్న బిరడా విప్పి, ఆయిల్ నిర్ణీత ఉష్ణోగ్రతలో ఉండగా ధార సన్నగిల్లేదాకా చూడవలసి ఉంటుంది. చాలా వాటిలో అది 40 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. ఎక్కువ పోస్తే తిరిగే గేర్లు ఆయిల్‌ను చిలికి నురుగు చేస్తాయి, నురుగును పంపు నొక్కలేదు, క్లచ్‌లు మళ్లీ జారతాయి.

చలి ప్రాంతంలో నడిచే బండికి అతిగా చల్లబరచడమూ ఇబ్బందే. ఆయిల్ తగినంత వేడెక్కేదాకా చాలా గేర్‌బాక్సులు లాకప్ క్లచ్‌ను పట్టనివ్వవు. సుమారు 80 డిగ్రీల దగ్గర కూలర్ దారి తెరిచే థర్మోస్టాట్ వాల్వు ఒకటి హోస్ మధ్యలో పెడితే ఈ చిక్కు తీరుతుంది.

పని ముగిశాక మొదట కొలిచిన దారిలోనే, అంత బరువుతోనే నడిపి, స్కానర్ అంకెలను పాత కాగితం పక్కన రాయండి. తిరిగి వచ్చి చల్లారాక క్లాంపులను మరోసారి తిప్పి చూడండి. రాత్రి బండి ముందు భాగం కింద ఒక అట్టముక్క పరచి ఉంచండి.

ముందు వరుసలో ఒకరు చేయెత్తారు. గేర్‌బాక్సు కాలిపోయి కొత్తగా కట్టించిన బండికి పాత కూలరే కడిగి వాడవచ్చా అని వారి ప్రశ్న. వాడకూడదనే నా సమాధానం. క్లచ్ పలకల పొడి, ఇనుప రజను ఆ సన్నటి దారుల్లో చిక్కుకుంటాయి. ఒత్తిడితో కడిగినా, దొంతర కూలర్‌లో లోపల మిగిలినది కంటికి కనిపించదు. దాన్నే బిగిస్తే, కొత్తగా కట్టిన గేర్‌బాక్సు తాగే మొదటి ఆయిల్‌లోనే పాత గేర్‌బాక్సు రజను ఉంటుంది. కూలర్ మార్చండి, లోహపు పైపులను ద్రావకంతో కడిగి గాలి ఊదండి, తిరిగి వెళ్లే దారిలో అయస్కాంతం ఉన్న ఫిల్టర్ ఒకటి పెట్టండి. కొన్ని వందల కిలోమీటర్ల తరువాత ఆ ఫిల్టర్‌ను కోసి చూడండి, ఎంత పట్టిందో మీకే కనిపిస్తుంది.